పత్తికి తేమ కోత పడ్తలేదు, మెథడ్ ఓవర్‌రైడ్ చేసినా తండ్రి క్లాస్‌ల ఉన్నదే నడుస్తున్నది, జర చూడుండ్రి

పర్వతగిరి_పిలగాడు · శుక్రవారం రాత్రి 9:40

అందరికి నమస్తే. డిగ్రీ రెండో సంవత్సరం, హన్మకొండల చదువుతున్న. మా నాయినకు మూడెకరాల పత్తి, ఎకరం వరి. పత్తి అమ్ముకొని వచ్చినప్పుడల్లా చిట్టీ నా చేతుల పెట్టి లెక్క సరిగనే ఉన్నదా బిడ్డా అని అడుగుతడు, కాలిక్యులేటర్ల కొట్టి చెప్తుండేది, ఈసారి పైథాన్ల చిన్న ప్రోగ్రాం రాద్దామని కూసున్న. పేర్లన్ని తెలుగులనే పెట్టిన, మా ఊరి పోరగాళ్ళు చూసినా సమజ్ కావాలెనని. క్లాస్, డెఫ్ అసుంటివి అసలు ఫైల్ల ఇంగ్లీష్‌లనే ఉన్నయి, ఇక్కడ ఫోన్ల నుంచి టైప్ చేస్తున్న కాబట్టి అన్ని తెలుగుల రాస్తున్న. పంట తండ్రి క్లాస్, పత్తి కొడుకు క్లాస్. తండ్రిల ఉన్న మెథడ్‌ను, అంటే క్లాస్ లోపలి ఫంక్షన్‌ను, కొడుకుల అదే పేరుతోని మళ్ళ రాసుడే ఓవర్‌రైడ్. __ఇనిట్__ అంటే వస్తువు తయారైనప్పుడు నడిచే మెథడ్.

క్లాస్ పంట:
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, క్వింటాళ్ళు, మద్దతు_ధర):
        సెల్ఫ్.క్వింటాళ్ళు = క్వింటాళ్ళు
        సెల్ఫ్.మద్దతు_ధర = మద్దతు_ధర
    డెఫ్ ధర_లెక్క(సెల్ఫ్):
        రిటర్న్ సెల్ఫ్.మద్దతు_ధర
    డెఫ్ మొత్తం(సెల్ఫ్):
        రిటర్న్ సెల్ఫ్.ధర_లెక్క() * సెల్ఫ్.క్వింటాళ్ళు

క్లాస్ పత్తి(పంట):
    డెఫ్ __ఇనిట్__(సెల్ఫ్, క్వింటాళ్ళు, మద్దతు_ధర, తేమ):
        సూపర్().__ఇనిట్__(క్వింటాళ్ళు, మద్దతు_ధర)
        సెల్ఫ్.తేమ = తేమ
    డెఫ్ దర_లెక్క(సెల్ఫ్):
        కోత = మాక్స్(0, సెల్ఫ్.తేమ - 8)
        రిటర్న్ సెల్ఫ్.మద్దతు_ధర * (100 - కోత) / 100

సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లెక్క తెల్సిందే కదా, తేమ 8 శాతం దాక పూర మద్దతు ధర, ఆపైన 12 దాక ఒక్కో శాతానికి ధరల ఒక్కో శాతం కోత, 12 దాటితె కొనరు. 2025-26ల పొడుగు పింజకు 8110. పది క్వింటాళ్ళు, తేమ 11 అని ఇచ్చి మొత్తం అడిగితే 81100 చూపెడ్తున్నది. మూడు శాతం కోసి 78667 రావాలె. ఎర్రర్ కూడ ఏం వస్తలేదు. సి ప్లస్ ప్లస్ల అయితే తండ్రి క్లాస్‌ల వర్చువల్ అని రాస్తం, పైథాన్ల కూడ అట్లాంటిదేమన్న రాయాల్నా? పొద్దటిసంది దీని మీదనే కూసున్న, తలకాయ తిరుగుతున్నది.


గోదారిఖని_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 10:05

తమ్మీ నేను కూడ నేర్చుకుంటున్నోన్నే, తప్పయితే మన్నించు. మొత్తం అనే మెథడ్ తండ్రి క్లాస్‌లనే ఉన్నది కదా, అది తండ్రి క్లాస్‌ల ఉన్న ధర_లెక్కనే పిలుస్తదేమో. మొత్తంను కూడ పత్తి క్లాస్‌ల మల్లొకసారి రాసి చూడు.


కాజీపేట_జంక్షన్ · శుక్రవారం రాత్రి 10:31

అన్నా, అది కాదు, మొత్తంను మళ్ళ రాయాల్సిన పని లేదు. తమ్మీ, నీ కోడ్ కంప్యూటర్ల అక్షరాలు పెద్దగ చేసి ఒకసారి చూడు. తండ్రి క్లాస్‌ల ధర_లెక్క, ఒత్తు ధ. పత్తిల దర_లెక్క, మామూలు ద. నువ్వు ఓవర్‌రైడే చెయ్యలే, పత్తికి ఒక కొత్త మెథడ్ జోడించినవ్. దాన్ని ఎవ్వరూ పిలుస్తలేరు, అందుకే ఎర్రర్ కూడ లేదు.

ఇట్లాంటి అనుమానం వచ్చినప్పుడల్లా నేను ఒక్క లైన్ కొట్టి చూస్త:

ప్రింట్(పత్తి.ధర_లెక్క ఈజ్ పంట.ధర_లెక్క)

ట్రూ అని వస్తే రెండూ ఒకటే ఫంక్షన్, అంటే నీ ఓవర్‌రైడ్ అంటలేదన్నట్టు. ఫాల్స్ వస్తే పత్తికి సొంతది ఉన్నదన్నట్టు. నేను ఉద్యోగంల చేరిన కొత్తల గిట్లనే ఒక్క అక్షరం తేడాకు రెండు రోజులు తిరిగిన, అప్పటిసంది ఇదే ముందు చూస్త.


పర్వతగిరి_పిలగాడు · శుక్రవారం రాత్రి 10:44

అన్నా నిజమే!! ట్రూ వచ్చింది. మా దిక్కు పలికేటప్పుడు ధ, ద రెండూ ఒక్కతీరే పలుకుతం కదా, కంటికి ఆన్లే. మార్చి చూసి చెప్త.


మానేరు_సార్ · శుక్రవారం రాత్రి 11:10

బాబూ, తప్పు దొరికింది, సంతోషం. కాని గోదారిఖని తమ్ముడు అడిగిన మాటను అట్ల వదిలిపెట్టొద్దు, ఓవర్‌రైడింగ్ అంతా ఆ ప్రశ్నలనే ఉన్నది. నేను కరీంనగర్ల పాలిటెక్నిక్ పిల్లలకు చెప్త, ఏటా సగం క్లాసు ఇక్కడనే ఆగుతరు.

మొత్తం అనే మెథడ్ పంటల రాసి ఉన్నది, నిజమే. కాని దాంట్ల రాసింది "పంటల ఉన్న ధర_లెక్కను పిలువు" అని కాదు, "సెల్ఫ్.ధర_లెక్కను పిలువు" అని. సెల్ఫ్ అంటే ఎవరు? ఆ కోడ్ ఏ క్లాస్‌ల రాసి ఉన్నదో దానితోటి పని లేదు, ఆ పూట ఏ వస్తువు మీద పిలిచినవో అదే సెల్ఫ్. నువ్వు పిలిచింది పత్తి వస్తువు మీద. కాబట్టి పైథాన్ ధర_లెక్క అనే పేరును మళ్ళ మొదటికెళ్ళి, పత్తి నుంచే వెతుకుడు మొదలు పెడ్తది. అక్కడ ఉంటె అదే తీసుకుంటది, లేకుంటె పంటకు పోతది, అక్కడ కూడ లేకుంటె అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్‌కు పోతది, అక్కడ కూడ దొరకకపోతె అట్రిబ్యూట్ ఎర్రర్, అంటే వస్తువుకు ఆ పేరుతోని ఏదీ లేదన్నట్టు. తండ్రి కోడ్ నడుస్తున్నప్పుడు కూడ వెతుకుడు కొడుకు ఇంట్ల నుంచే మొదలైతది.

వర్చువల్ సంగతి అడిగినవ్. సి ప్లస్ ప్లస్ల వర్చువల్ అని రాయకుంటె, తండ్రి కోడ్ల నుంచి పిలిస్తే తండ్రిదే నడుస్తది, అది కంపైల్ చేసేటప్పుడే ఖాయమైపోతది. పైథాన్ల ప్రతి మెథడ్ వర్చువల్ అసుంటిదే, వేరే రాసేది ఏం లేదు. దాంతోటి వచ్చే నష్టం కూడ నీకు ఇయ్యాల కనబడ్డది. పేరు కలిస్తే ఓవర్‌రైడ్, కలవకపోతె కొత్త మెథడ్, నీ మనసుల ఏమున్నదో పైథాన్ అడగదు.


పసుపుకొమ్ము · శుక్రవారం రాత్రి 11:52

సార్ మంచిగ చెప్పిండ్రు. తమ్మీ, మళ్ళ ఇట్ల కాకుండ ఉండాల్నంటె రెండు దార్లున్నయి.

పైథాన్ 3.12 నుంచి, అంటే 2023 అక్టోబర్ నుంచి, టైపింగ్ మాడ్యూల్‌ల ఓవర్‌రైడ్ అనే డెకరేటర్, అంటే మెథడ్ మీద పెట్టే గుర్తు, వచ్చింది. మెథడ్ మీద @ఓవర్‌రైడ్ అని పెడ్తవు, కోడ్‌ను నడపకుండనే తప్పులు చూసే మైపై గాని పైరైట్ గాని నడిపితె, తండ్రిల ఈ పేరుతోని ఏ మెథడ్ లేదు అని పట్టేస్తది. కాని యాద్ పెట్టుకో, ప్రోగ్రాం నడిచేటప్పుడు పైథాన్ దాన్ని చెక్ చెయ్యదు, చెకర్‌ను నువ్వు వేరే నడపాలె. జావాల ఇసుంటిది 2004ల వచ్చిన ఐదో వెర్షన్‌లనే ఉన్నది, అక్కడ కంపైలరే ఆపుతది. మన దగ్గరికి ఇంత ఆలస్యంగ వచ్చింది.

రెండోది పాతది, పైథాన్ 3.4 నుంచి అన్ని వెర్షన్లల్ల పని చేస్తది. ఏబీసీ మాడ్యూల్ తీసుకొని పంటను ఏబీసీ కింద పెట్టి, ధర_లెక్క మీద @అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్ అని పెట్టు. అంటే కొడుకు దీన్ని తప్పకుండ రాయాలె అన్నట్టు. ఇగ పత్తిల పేరు తప్పు రాస్తే పత్తి వస్తువు తయారు చేసే కాడనే టైప్ ఎర్రర్ వస్తది, దబ్బున దొరుకుతది. అన్ని పంటలకు తలా ఒక లెక్క ఉన్న కాడ నాకైతే ఇదే నచ్చుతది, ఎందుకంటె "మామూలు పంట" అనేది మార్కెట్ల ఎక్కడా లేదు కదా, పత్తో, వడ్లో, మక్కలో, ఏదో ఒకటి ఉంటది.


లక్నవరం · శనివారం పొద్దున 7:15

అందరికీ ఒక మాట. పేర్లు ఇంగ్లీష్‌ల పెట్టుకుంటె ఈ ధ, ద లొల్లే ఉండకపోవు కదా. కోడ్ల తెలుగు పెట్టుడు చూస్తందుకు బాగుంటది, పనికి మాత్రం ఇబ్బంది.


మానేరు_సార్ · శనివారం పొద్దున 7:48

ఇంగ్లీష్‌ల స్పెల్లింగ్ తప్పులు పోతయా తమ్ముడూ? మా పిల్లలు కాలిక్యులేట్ అన్న మాటను నాలుగు తీర్ల రాస్తరు, అక్కడ కూడ ఇదే తప్పు, ఇట్లనే ఎర్రర్ లేకుండ పోతది. 2008ల పైథాన్ 3.0 వచ్చినప్పటి నుంచి పేర్లు ఏ లిపిల అయినా రాసుకోవచ్చు, కీవర్డ్‌లు ఒక్కటే మారయి. ఊరి పిల్లలు చదవాలెనని ఆ బాబు తెలుగుల రాస్తున్నడు, ఆ ఆలోచన నాకు మస్తు నచ్చింది, ఆపొద్దు.

ఒక్క జాగ్రత్త చెప్త బాబూ. తక్‌పట్టీ (పంట అమ్మినంక ఇచ్చే చిట్టీ) అని క్లాస్ పేరు పెట్టినవనుకో, పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ వస్తది, యు ప్లస్ 200సి అని ఒక కనబడని అక్షరం పేరు చెప్తది. క కింద ప ఒత్తు పడకుండ పొల్లుగ ఆగాల్నని కీబోర్డ్ మధ్యల ఒక కనబడని గుర్తు పెడ్తది, పైథాన్ పేర్లల్ల దానికి చోటు లేదు. తక్_పట్టీ అని రాసుకో. ఇంకోటి, క్వింటాళ్ళు, క్వింటాళ్లు రెండు తీర్ల రాస్తం, పైథాన్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు, ఒక తీరే పట్టుకొని ఉండు.


పర్వతగిరి_పిలగాడు · శనివారం పొద్దున 9:20

సార్ మస్తు థాంక్స్, తక్‌పట్టీ పేరుతోనే క్లాస్ పెడ్దామనుకున్న, ముందే చెప్పిండ్రు.

కాని ఇప్పుడు ఇంకో పరేషాన్. ద తీసి ధ పెట్టంగనే ప్రోగ్రాం మొత్తానికే ఆగిపోతున్నది. పత్తి వస్తువుకు తేమ అనే అట్రిబ్యూట్ లేదు అని అట్రిబ్యూట్ ఎర్రర్. సెల్ఫ్.తేమ = తేమ అని రాసే ఉన్నది! నిన్న రాసేటప్పుడు పంటల ఒక లైన్ ఇడిసిపెట్టిన, అది కూడ చెప్తున్న, __ఇనిట్__ల ఆఖరుకు ఇది ఉన్నది:

        సెల్ఫ్.చిట్టీ_మొత్తం = సెల్ఫ్.మొత్తం()

నిన్నటిదాక ఇదే లైన్ మంచిగ నడిచింది, తప్పు సరిజేస్తే ఎందుకు ఆగిందో సమజైతలేదు.


గోదారిఖని_షిఫ్ట్ · శనివారం మధ్యాహ్నం 2:30

ఇప్పుడే షిఫ్ట్ దిగి వచ్చిన. ఈసారి నాకు తెల్సనుకుంట. నువ్వు పత్తి __ఇనిట్__ల ముందుగాల సూపర్ పిలుస్తున్నవ్, తేమ తర్వాత పెడ్తున్నవ్. సూపర్ లోపలనే మొత్తం నడుస్తది, మొత్తం సెల్ఫ్.ధర_లెక్కను పిలుస్తది, సార్ చెప్పినట్టు సెల్ఫ్ అంటె పత్తి కాబట్టి పత్తి ధర_లెక్క నడుస్తది, దానికి తేమ కావాలె, తేమ ఇంకా రాలే. నిన్న నడిచింది ఎందుకంటె నిన్న పత్తి ధర_లెక్క అసలు లేకుండె.

ధర_లెక్కల సెల్ఫ్.తేమకు బదులు గెట్‌అట్ర్(సెల్ఫ్, 'తేమ', 0) అని పెట్టు, లేకుంటె 0 తీసుకుంటది, ఎర్రర్ పోతది.


పసుపుకొమ్ము · శనివారం మధ్యాహ్నం 3:02

అన్నా, కారణం నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ చెప్పినవ్. కాని మందు మాత్రం వద్దు, ఎర్రర్ పోతది గని చిట్టీ తప్పు వస్తది. లెక్క నడిచే టైంకు తేమ లేదు, 0 తీసుకుంటది, కోత సున్న, చిట్టీ_మొత్తం 81100 అని వస్తువుల పడి ఉంటది. తర్వాత తేమ 11 వచ్చి కూసుంటది గని ఎవ్వరూ మళ్ళ లెక్క చెయ్యరు. ఇప్పుడు ఎర్రర్ కనబడి ఆగిన, రేపు తప్పు అంకె కనబడకుండ పోతది. మీ నాయిన ఆ అంకె పట్టుకొని మార్కెట్ల అడుగుతడు తమ్మీ, అది యాదికి ఉండాలె.

తండ్రి __ఇనిట్__ల నుంచి, కొడుకులు ఓవర్‌రైడ్ చేసే మెథడ్‌ను పిలవొద్దు, నేను దీని మీద గట్టిగ ఉంట. ఆ టైంకు కొడుకు సగమే తయారైతడు. ఆ లైన్ తీసేయ్, మొత్తం కావాల్సినప్పుడు మొత్తం() పిలువు, ఒక గుణకారమే కదా, దాచిపెట్టుకునేంత బరువు పని కాదు.


కాజీపేట_జంక్షన్ · శనివారం మధ్యాహ్నం 3:40

అక్క చెప్పిందే నాది కూడ. సూపర్‌కు ముందే సెల్ఫ్.తేమ = తేమ అని రాస్తే కూడ ఇప్పటికి నడుస్తది, పైథాన్ల అది తప్పు కాదు, కాని రేపు ఇంకోడు వచ్చి సూపర్ ముందే ఉండాలె అని లైన్ మీదికి జరిపిండనుకో, మళ్ళ మొదటికొస్తది. తీసేసుడే మంచిది.

మొత్తంను ప్రాపర్టీ (బ్రాకెట్లు లేకుండ పిలిచేది) చెయ్యాలనిపిస్తదేమో, చెయ్, కాని అక్కడ కూడ ఒక గుంత ఉన్నది. పంటల తెచ్చుకో_ధర అనే మెథడ్ రాసి, కింద ధర = ప్రాపర్టీ(తెచ్చుకో_ధర) అని పెట్టినవనుకో, పత్తిల తెచ్చుకో_ధరను ఓవర్‌రైడ్ చేస్తే ప్రాపర్టీ మారదు. అది పేరు పట్టుకోలే, ఆ రోజు చేతికిచ్చిన ఫంక్షన్‌నే పట్టుకున్నది. ప్రాపర్టీ లోపల సెల్ఫ్.తెచ్చుకో_ధర() అని పిలిచేటట్టు రాస్తే మళ్ళ వెతుకుడు పత్తి నుంచే మొదలైతది.


పర్వతగిరి_పిలగాడు · శనివారం సాయంత్రం 6:15

78667.0 వచ్చింది!! ఆ లైన్ తీసేసిన. అక్కా, నాయిన మాట చెప్పినంక గెట్‌అట్ర్ పెట్టబుద్ధి కాలే.

ఇప్పుడు వడ్లు రాస్తున్న. వడ్లు(పంట), దాని కింద సన్నవడ్లు(వడ్లు). సన్నాలకు మన రాష్ట్రంల మద్దతు ధర మీద క్వింటాలుకు 500 బోనస్ ఉన్నది కదా. ఇక్కడ పాత లెక్క మొత్తం తీసెయ్యొద్దు, దాని మీద 500 కలపాలె. రిటర్న్ సెల్ఫ్.ధర_లెక్క() + 500 అని రాసిన, రికర్షన్ ఎర్రర్ అని పేజీలకు పేజీలు వచ్చింది.


మానేరు_సార్ · శనివారం రాత్రి 8:05

సెల్ఫ్ సంగతి నిన్న చెప్పింది ఇక్కడ పెట్టి చూడు బాబూ, నువ్వే చెప్తవు. సన్నవడ్లు వస్తువు మీద సెల్ఫ్.ధర_లెక్క అంటె వెతుకుడు సన్నవడ్లు నుంచే మొదలైతది, నువ్వు రాస్తున్న మెథడే దొరుకుతది, అది మళ్ళ దాన్నే పిలుస్తది, మామూలుగ వెయ్యి లోతు దాక పోనిచ్చి పైథాన్ ఆపుతది. నీకు కావాల్సింది నా తర్వాతోని దగ్గరి నుంచి వెతుకు అనుడు, దానికే సూపర్:

క్లాస్ సన్నవడ్లు(వడ్లు):
    డెఫ్ ధర_లెక్క(సెల్ఫ్):
        రిటర్న్ సూపర్().ధర_లెక్క() + 500

2025-26ల ఏ గ్రేడ్ వడ్లకు 2389, మీద 500, మొత్తం 2889 రావాలె. రిటర్న్ మరిచిపోవద్దు, మరిచిపోతే నన్ వస్తది, మొత్తంల గుణకారం కాడ టైప్ ఎర్రర్ పడ్తది, పిల్లలు మొత్తంల తప్పున్నదని అక్కడ వెతుక్కుంట కూసుంటరు.

ఓవర్‌రైడ్ చేసుడంటె పాతది పారేసుడు ఒక్కటే కాదు. పత్తిల పారేసినవ్, సన్నవడ్లల పాతది ఉంచి మీదికెళ్ళి కలిపినవ్. నా అనుభవంల రెండోదే ఎక్కువ పడ్తది, రేపు కేంద్రం 2389ని మారిస్తే సన్నవడ్లను ముట్టుకునే పనే లేదు.


గోదారిఖని_షిఫ్ట్ · శనివారం రాత్రి 9:30

సార్, ఒక డౌట్. సూపర్() అంటె తండ్రి అనే కదా, మరి వడ్లు.ధర_లెక్క(సెల్ఫ్) + 500 అని నేరుగ పేరు పెట్టి పిలిస్తే తేడా ఏంది? రెండు తీర్ల రాసి చూసిన, రెండిట్ల 2889 వచ్చింది.


కాజీపేట_జంక్షన్ · శనివారం రాత్రి 10:20

ఈ డౌట్ నాకు మూడేండ్లు ఉండె అన్నా, అడగలేకపోయిన, నువ్వు అడిగినవ్. తండ్రి ఒక్కడే ఉన్నప్పుడు తేడా కనబడదు. ఇద్దరు ముగ్గురు ఉంటె కనబడ్తది. ఇగో, కోత, బోనస్ రెండిట్ని వేర్వేరు క్లాసులు చేసిన (పత్తికి బోనస్ లేదు, లెక్క తెలుస్తదని పెట్టిన):

క్లాస్ తేమకోత:
    డెఫ్ ధర_లెక్క(సెల్ఫ్):
        రిటర్న్ సూపర్().ధర_లెక్క() * 97 / 100

క్లాస్ బోనస్:
    డెఫ్ ధర_లెక్క(సెల్ఫ్):
        రిటర్న్ సూపర్().ధర_లెక్క() + 500

క్లాస్ ఒకటి(తేమకోత, బోనస్, పంట): పాస్
క్లాస్ రెండు(బోనస్, తేమకోత, పంట): పాస్

తేమకోతకు పంట తండ్రి కాదు చూడు, దానికి ఆబ్జెక్ట్ తప్ప తండ్రే లేడు, అయినా సూపర్().ధర_లెక్క నడుస్తది! ఎందుకంటె సూపర్ అంటె తండ్రి కాదు, వస్తువుకు ఒక వరుస ఉంటది, ఆ వరుసల నా తర్వాతోడు. ఆ వరుసను ఎంఆర్ఓ అంటరు, ప్రింట్(ఒకటి.__ఎంఆర్ఓ__) కొడితె ఒకటి, తేమకోత, బోనస్, పంట, ఆబ్జెక్ట్ అని చూపెడ్తది. ఒకటిల బోనస్ ముందు కలిసి తర్వాత కోత పడ్తది, 8610ల 97 శాతం, 8351.70. రెండుల కోత ముందు పడి తర్వాత 500 కలుస్తది, 8366.70. క్లాసుల లోపల ఒక్క అక్షరం మారలే, బ్రాకెట్ల వరుస మారింది, క్వింటాలుకు 15 రూపాయల తేడా. పేరు పెట్టి నేరుగ పిలిస్తే ఈ వరుస తెగిపోతది, మధ్యలోన్ని దాటేసి పోతది.

పంటను ముందు పెడితె, అంటే మూడు(పంట, తేమకోత, బోనస్) అంటె, 8110 వస్తది, కోత లేదు బోనస్ లేదు. పంటల సూపర్ పిలుస్తలేరు కాబట్టి కథ అక్కడనే అయిపోయింది. ఎర్రర్ రాదు, అదే నాకు భయం.

ఈ వరుస కట్టే పద్ధతి పేరు సి3, 2.3 వెర్షన్ నుంచి, అంటె 2003 నుంచి పైథాన్ల ఉన్నది, డిలన్ అనే భాష కోసం కనిపెట్టిండ్రు. కొడుకు ఎప్పుడూ తండ్రి కంటె ముందుంటడు, బ్రాకెట్ల నువ్వు రాసిన వరుస చెడదు. అట్ల కుదరకపోతె క్లాస్ తయారు కానియ్యదు, అక్కడనే టైప్ ఎర్రర్.


లక్నవరం · ఆదివారం పొద్దున 8:10

అందుకే నేను అనేది, ఇన్ని క్లాసులు ఒకదాని మీద ఒకటి పెట్టుడే వద్దు. ఒక పంట క్లాస్ ఉండాలె, దానికి కోతల లిస్టు ఒకటి ఇయ్యాలె, ఒక్కో కోత ఒక ఫంక్షన్, వరుసగ నడిపితె అయిపాయె. బోనస్ ముందా కోత ముందా అనేది లిస్టుల కండ్లకు కనబడ్తది, ఎంఆర్ఓ ప్రింట్ చేసి చూసే పనే లేదు. పెద్ద కోడ్ల ఒక మెథడ్ ఎక్కడ నడుస్తున్నదో పట్టుకుందామని ఆరు ఫైళ్ళు తిరిగినోన్ని, అందుకే చెప్తున్న.


పసుపుకొమ్ము · ఆదివారం పొద్దున 8:45

కోతల వరకు నీ మాట ఒప్పుకుంట అన్నా. లెక్కల మీద లెక్క పేర్చే కాడ లిస్టే మేలు, మిక్సిన్లు, అంటే తేమకోత, బోనస్ అసుంటి కలుపుకునే చిన్న క్లాసులు, వద్దు. కాని పత్తి, వడ్లు, మక్కలు వేర్వేరు జాతులు, ఒక్కోదానికి ఒక్కో లెక్క, అక్కడ ఒక మెట్టు వారసత్వం సాఫ్‌గ ఉంటది. తమ్మి నేర్చుకుంటున్నడు కూడ, ఓవర్‌రైడ్ సమజ్ కాకపోతె రేపు వేరేవాళ్ళ కోడ్ చదవలేడు. వెబ్‌సైట్లు కట్టే జాంగోల గాని, కోడ్‌ను పరీక్షించే యూనిట్‌టెస్ట్‌ల గాని మనం రాసేదంతా ఓవర్‌రైడే కదా.

జాగ్రత్త మాత్రం ఒకటి చెప్పాలె. పైథాన్‌తోని వచ్చే డిక్ట్, లిస్ట్ అసుంటివాట్ని వారసత్వం తీసుకునేటప్పుడు సార్ చెప్పిన సెల్ఫ్ సూత్రం పూరాగ నడవదు. నేను ఇదివరకు పని చేసిన కాడ డిక్ట్ నుంచి ఒక క్లాస్ చేసి __సెట్ఐటెం__ ఓవర్‌రైడ్ చేసిన, తప్పు విలువ వస్తే ఆపాలెనని. ఒక్కొక్కటి పెడితె ఆపింది. అప్‌డేట్‌తోని ఒక్కసారి నింపితె అన్ని తప్పులు లోపలికి పోయినయి, ఒక నెల డేటా మళ్ళ సాఫ్ చెయ్యాల్సి వచ్చింది, రాత్రుళ్ళు కూసున్నం. డిక్ట్ లోపల సి భాషల రాసి ఉన్నది, దాని అప్‌డేట్ మన __సెట్ఐటెం__ను పిలవదు. అట్ల కావాల్సినప్పుడు కలెక్షన్స్‌ల యూజర్‌డిక్ట్ తీసుకోవాలె, అది పైథాన్ల రాసింది, మనదాన్ని పిలుస్తది.


పర్వతగిరి_పిలగాడు · ఆదివారం మధ్యాహ్నం 12:30

సన్నవడ్లకు 2889 వచ్చింది సార్. కాజీపేట అన్న రాసింది రెండుసార్లు చదివిన, కాగితం మీద వరుస గీసుకుంటె అప్పుడు ఎక్కింది.

ఇంకొక్కటి. తేమ 12 దాటితె సీసీఐ కొనదు కదా, పత్తి ధర_లెక్కల 12 దాటితె వాల్యూ ఎర్రర్ లేపిన. ఇప్పుడు మా వాడకట్టుల అందరి పంటలు ఒక లిస్టుల పెట్టి మొత్తం కూడుదామంటె, ఒక్కల పత్తి తడిగ ఉంటె అందరి లెక్క ఆగిపోతున్నది.


మానేరు_సార్ · ఆదివారం మధ్యాహ్నం 1:15

పంట తీసుకున్నోళ్ళకు తండ్రి క్లాస్ ఒక మాట ఇచ్చింది, ధర_లెక్క పిలిస్తే అంకె వస్తదని. కొడుకు ఆ మాట తప్పిండు. బార్బరా లిస్కోవ్ అని ఒక పెద్ద శాస్త్రవేత్త 1987ల ఒక ప్రసంగంల ఇదే చెప్పింది, తండ్రి ఉన్న చోట కొడుకును పెడితె ప్రోగ్రాం చెడొద్దు అని. ఆమె పేరు మీదనే ఆ సూత్రాన్ని పిలుస్తరు. పైథాన్ దాన్ని కాపాడదు, మనమే కాపాడుకోవాలె.

కొంటరా అని ఇంకో మెథడ్ పెట్టు. పంటల ట్రూ ఇయ్యి. పత్తిల ఓవర్‌రైడ్ చేసి తేమ 12 లోపు ఉన్నదా అని చెప్పు, వడ్లల 17 లోపు ఉన్నదా అని చెప్పు. వడ్లకు తేమ తీసుకుంటలేవు గావచ్చు, దానికీ పత్తి తీరే __ఇనిట్__ రాసుకో. లిస్టుల ముందు కొంటరా అడిగి, అవునంటేనే మొత్తం కూడు.


పర్వతగిరి_పిలగాడు · ఆదివారం రాత్రి 9:55

ఇయ్యాల ఊరికి వచ్చిన. నాయినకు ల్యాప్‌టాప్‌ల చూపెట్టిన, పోయిన సీజన్ చిట్టీలు రెండు తీసి ఆ అంకెలు కొట్టి చూసినం, రెండూ పైసతో సహా కలిసినయి. నాయిన చిట్టీ, స్క్రీన్ రెండూ పక్కపక్కన పెట్టుకొని చానాసేపు చూసిండు.

తర్వాత, మరి 11 ఉన్న పత్తిని ఇంకో రెండు రోజులు ఎండబెట్టి 9కి తెస్తే ఎంతొస్తది అన్నడు. తేమ 9 పెట్టిన, క్వింటాలుకు 8028.90, పదికి 80289 వచ్చింది. 1622 రూపాయలు ఎక్కువ నాయినా అన్న. నాయిన వెంటనే, ఎండినంక పది క్వింటాళ్ళు పదే ఉంటదా, తూకం తగ్గదా అన్నడు. నేనేం మాట్లాడలేకపోయిన. కూసొని లెక్క చేసినం. పది క్వింటాళ్ళల్ల 11 శాతం నీళ్ళంటె ఉత్త పత్తి 8.9 క్వింటాళ్ళు. తేమ 9కి వస్తే అదే పత్తి మొత్తం 9.78 క్వింటాళ్ళు తూగుతది. 9.78ని 8028.90తో కొడితె 78522 చిల్లర. అంటే ఎండబెట్టకుండ వచ్చే 78667 కంటె తక్కువనే. 12 దాటినప్పుడు ఎండబెట్టక తప్పదు, కాని 12 లోపు ఉన్నదాన్ని ఇంకా ఎండబెడితె, ఈ లెక్క ప్రకారం చేతికి ఎక్కువ ఏం రాదు.

అందుకే ఎండబెట్టు అనే మెథడ్ రాస్తున్న, కొత్త తేమ ఇస్తే క్వింటాళ్ళు కూడ తగ్గాలె. పత్తిల రాద్దామనుకున్న గని వడ్లు కూడ ఎండబోస్తం కదా, తేమ ఉన్న పంటలకు ఒక మధ్య క్లాస్ పెట్టి దాంట్ల రాద్దామని చూస్తున్న. పంట కింద తేమపంట, దాని కింద పత్తి, వడ్లు. అక్కా, మీరు చెప్పినట్టు ఒక్క మెట్టే మంచిదంటే ఇది రెండు మెట్లు అయితది, పర్వాలేదా?


పసుపుకొమ్ము · ఆదివారం రాత్రి 10:20

పర్వాలేదు తమ్మీ, పెట్టు. తేమను కూడ తేమపంట __ఇనిట్__లకే తీసుకపో, పత్తిల, వడ్లల రెండుసార్లు రాయకు. పసుపుకు కూడ తేమ చూస్తరు, మా మెట్‌పల్లి దిక్కు కొమ్ములు ఉడకబెట్టి ఎండబోస్తం. నీది అయినంక ఇక్కడ పెట్టు, పసుపు క్లాస్ నేను రాస్త.